మాట, భాష, వినికిడి, మింగుడు: లోపాల పరిచయం

గుక్కెడు మంచినీళ్లు తాగి 'అమ్మయ్య' అనడానికి రెండు మూడు సెకన్లు చాలు. ఆ కాస్త వ్యవధిలో నాలుక నీళ్లను వెనక్కి నెడుతుంది. కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి లేచి ముక్కుదారిని మూసేస్తుంది. స్వరపేటిక పైకి జరిగి మూతపడుతుంది, నీళ్లు అన్నవాహికలోకి జారగానే మళ్లీ తెరుచుకుంటుంది. ఊపిరి బయటికొస్తుంది, దానికి స్వరతంత్రులు కంపిస్తాయి, పెదవులు కలిసి 'మ' పలుకుతాయి. మింగడానికీ మాట్లాడడానికీ శరీరంలో వేరువేరు సరంజామా లేదు. ఏం పలకాలో కూర్చేది మెదడు. పసితనంలో ఆ మెదడుకు భాషను అందించేది చాలామందిలో చెవి. అందుకే మాట, భాష, వినికిడి, మింగుడు అనే నాలుగింటి లోపాలనూ ఒకే కోవకు చెందిన నిపుణులు చూస్తారు.

మన దేశంలో ఆ చదువును బి.ఎ.ఎస్‌.ఎల్‌.పి. అంటారు. ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ కలిసిన నాలుగేళ్ల కోర్సు ఇది; చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. చదివి వచ్చినవారిని జనం స్పీచ్ థెరపిస్ట్ అంటారు, వినికిడి వైపు వెళ్లినవారిని ఆడియాలజిస్ట్ అంటారు. పక్షవాతం వచ్చిన మనిషి మంచం దగ్గరికి స్పీచ్ థెరపిస్ట్ వస్తే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. "మాట సంగతి తర్వాత, ముందు ముద్ద దిగనివ్వండి" అంటారు. ఆ ముద్ద దిగే దారిని పరీక్షించడం కూడా ఆ థెరపిస్ట్ పనేనని చాలామందికి తెలియదు.

'మాటలు రాలేదు' అన్న మాట వెనుక

మూడేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లి "మాటలు రాలేదండీ" అంటుంది. ఆ ఒక్క మాట వెనుక పూర్తిగా వేరువేరు సంగతులు ఉండవచ్చు. కాకిని 'తాతి' అని, రాముణ్ణి 'లాముడు' అని పలికే పిల్లవాడికి చెప్పాల్సింది తెలుసు, ధ్వని కుదరడం లేదు. అది మాటకు సంబంధించినది. మూడేళ్ల వయసులో అది చాలావరకు ఎదుగుదలలో భాగమే. బడి వయసు వచ్చాకా అలాగే ఉంటే చికిత్స కావాలి. ధ్వనులన్నీ శుభ్రంగా పలుకుతూ, నాలుగేళ్లు నిండినా 'నిన్న మామయ్య వచ్చాడు' అన్నంత వాక్యం కూర్చలేని పిల్లవాడి ఇబ్బంది భాషది. అసలు పిలిస్తేనే తిరగని పిల్లవాడి ఇబ్బంది చెవిది కావచ్చు. చెవి బాగానే ఉండి, పేరు పెట్టి పిలిచినా చూడకుండా, తనకు కావలసినదాన్ని వేలితో చూపించకుండా ఉంటే ఆటిజం కావచ్చు. బయటి నుంచి చూసేవారికి అందరూ ఒక్కలాగే కనిపిస్తారు. అందుకే మాట ఆలస్యమైన ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. మిగతావన్నీ దాని తర్వాతే.

మన ఇళ్లలో మాత్రం ఆ పరీక్షకు ముందు చాలా జరుగుతాయి. వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. మొక్కులు మొక్కుతారు. 'వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు' అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ప్రేమతో చెప్పిన మాటే అయినా దానివల్ల పోయేది తిరిగిరాని కాలం. మెదడు భాషను సునాయాసంగా పట్టుకునే వయసు మొదటి మూడు నాలుగేళ్లు. ఏడాదికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకు 'బువ్వ వద్దు', 'అమ్మ రా' వంటి రెండేసి మాటల కలయిక రాకపోతే ఎదురుచూడకుండా చూపించడమే మేలు. చూపించాక ఏమీ లేదని తేలితే నష్టమేమీ లేదు.

వినికిడి

గాలిలో వచ్చిన శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనుక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలో, ద్రవం మధ్య ఉండే రోమ కణాలు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి నాడికి అందిస్తాయి. బయటి చెవిలో గానీ మధ్య చెవిలో గానీ అడ్డంకి ఉంటే శబ్దం లోపలికి చేరదు. గులిమి గట్టిపడడం, చెవిలో చీము కారడం, కర్ణభేరికి రంధ్రం పడడం ఈ కోవలోవి. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంది. రోమ కణాలు, నాడి దెబ్బతింటే మాత్రం అది వేరే కథ. మనిషిలో చనిపోయిన రోమ కణాలు మళ్లీ పుట్టవు.

చీము కారే చెవిలో కాచిన నూనె పోయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. రంధ్రం పడిన కర్ణభేరి గుండా ఆ నూనె మధ్య చెవిలోకి దిగి జబ్బును ముదరబెడుతుంది. పుల్లలు, పిన్నీసులు పెట్టి గెలకడం కూడా అంతే ప్రమాదం. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకుండా పోతే దాన్ని జలుబనుకుని వారాల తరబడి ఊరుకోకూడదు. లోపలి చెవికి హఠాత్తుగా దెబ్బ తగిలితే స్టెరాయిడ్ మందులు మొదటి కొద్ది రోజుల్లోనే బాగా పనిచేస్తాయి.

పుట్టుకతోనో పసితనంలోనో వచ్చే చెవుడుకు కారణాలు చాలా ఉన్నాయి. గర్భిణికి రుబెల్లా సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే కామెర్లు తీవ్రం కావడం, మెదడు పొరల వాపు వీటిలో ముఖ్యమైనవి. రుబెల్లాను టీకా ఆపగలదు. మన దేశంలో 2017 నుంచి తట్టు, రుబెల్లా కలిపిన టీకాను విడతలవారీగా అన్ని రాష్ట్రాలకూ తీసుకెళ్లారు. జన్యు కారణాల్లో కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులోని లోపం ముఖ్యమైనది. అది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులుగా వస్తేనే బిడ్డకు చెవుడు వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ వినికిడి చక్కగా ఉండి బిడ్డకు లేకపోవడానికి ఒక కారణం ఇదే. రక్తసంబంధంలో పెళ్లి జరిగినప్పుడు ఒకే లోపం రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. మేనమామకో మేనబావకో పిల్లనివ్వడం తెలుగు ప్రాంతాల్లో పాత ఆచారం గనుక ఈ విషయం మనకు మరీ దగ్గరిది. ఇందులో ఎవరినీ నిందించాల్సిన పని లేదు. మేనరికం చేసుకున్న దంపతులు బిడ్డ పుట్టగానే ఆ బిడ్డకు చెవి పరీక్ష చేయిస్తే చాలు.

ఆ పరీక్ష బిడ్డ నిద్రపోతుండగానే అయిపోతుంది. మెత్తటి చిన్న గొట్టాన్ని చెవిలో ఉంచి టిక్ టిక్ మనే శబ్దాలు పంపుతారు. ఆరోగ్యంగా ఉన్న కర్ణావర్తం వాటికి బదులుగా తనే అతి సన్నని ధ్వనిని వెనక్కి పంపుతుంది. గొట్టంలోని మైకు దాన్ని పట్టుకుంటుంది. చెవి ఇలా శబ్దాన్ని తిరిగి వెలువరిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఈ పరీక్షలో తేడా వస్తే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి నాడి స్పందనను కొలుస్తారు. ఆస్పత్రుల్లో దాన్ని బెరా అంటారు. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలుకావాలన్నది ప్రపంచమంతా అనుసరించే లెక్క. మన దగ్గర ఎందరో పిల్లల్లో చెవుడు రెండేళ్లు దాటాకే బయటపడుతోంది. పుట్టు చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో నవ్వుతుంది, 'ఊ, ఆ' అంటుంది. వెనక నుంచి పళ్లెం మోగిస్తే తిరిగి చూస్తుంది కూడా. నేల అదురు తెలిసిందో, నీడ కదిలిందో, ఆ పెద్ద మోత మాత్రమే వినిపించిందో చెప్పలేం. 'పళ్లెం మోత వింటుంది, చెవులు బాగానే ఉన్నాయి' అన్న నమ్మకంతో ఏడాది గడిచిపోతుంది.

చెవుడు కొద్దిగానో మధ్యస్థంగానో ఉంటే హియరింగ్ ఎయిడ్ సరిపోతుంది. తీవ్రంగా ఉండి దానితో లాభం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారు. చెవి వెనుక ఉండే యంత్రం శబ్దాన్ని గ్రహించి, చర్మం కింద అమర్చిన భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి సన్నని ఎలక్ట్రోడ్లు రోమ కణాలతో పని లేకుండా నాడినే నేరుగా తడతాయి. ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌ను తన జాబితాలో చేర్చడంతో తెలుగు రాష్ట్రాల్లో కూలి చేసుకునే కుటుంబాల పిల్లలకూ అది అందింది. కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద కూడా చేస్తారు. అయితే ఆపరేషన్‌తోనే మాట రాదు. యంత్రాన్ని ఆన్ చేసిన రోజు బిడ్డకు వినిపించేది అర్థం లేని రొద. 'ఇది కుక్క అరుపు, ఇది అమ్మ గొంతు, ఇది కుక్కర్ విజిల్' అని ఒక్కో శబ్దాన్నీ నేర్పుతూ థెరపీ ఏళ్ల తరబడి సాగాలి. వైరు తెగినా బ్యాటరీ పోయినా అయ్యే ఖర్చును పేద కుటుంబం ఎలా భరిస్తుందన్నది ఆపరేషన్ అంత పెద్ద ప్రశ్నే. పథకాలు దాన్ని సగం దారిలో వదిలేయకూడదు.

ఇక్కడ మరో మాట గట్టిగా చెప్పాలి. సైగల భాష అరకొర మాట కాదు. సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాష. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ పాఠశాలల్లో నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. దానితో ఎన్నో దేశాల్లో సైగల భాష తరగతి గదులకు దూరమైంది. ఏ భాషా సరిగా అందకుండా పెరిగిన తరాలు దాని ఫలితం. మన దేశంలో భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో తొలి నిఘంటువు వెలువరించింది. ఇంప్లాంట్ పెట్టించినా, పెట్టించకపోయినా, బిడ్డకు ఏదో ఒక భాష నిండుగా, తొందరగా అందాలి.

పెద్దవాళ్లలో చెవిని ఎక్కువగా దెబ్బతీసేవి వయసు, మోత. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు దాటి ఉండకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది; 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే మిగులుతాయి. ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నిలబడితే అది దాటడం మామూలే. మరమగ్గాల షెడ్లలో, గ్రానైట్ కటింగ్ యూనిట్లలో పనిచేసేవారు ఆ మోతలోనే బతుకుతారు. గాయం నొప్పి పుట్టించదు గనుక ఎవరూ పట్టించుకోరు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, ఎమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ కూడా లోపలి చెవిని దెబ్బతీయగలవు.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి, హెచ్చు స్థాయి ధ్వనులు. 'స', 'త', 'చ' జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే తాతగారు "వినబడుతోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. ఎదుటివారు దానికి గొంతు పెంచుతారు. పెంచినకొద్దీ అచ్చులే పెద్దవవుతాయి. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, నిదానంగా చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. మధ్యవయసులోని వినికిడి లోపాన్ని మతిమరుపు జబ్బులకు దారితీసే, నివారించదగ్గ కారణాల్లో ఒకటిగా లాన్సెట్ కమిషన్ 2020లోనూ 2024లోనూ పేర్కొంది. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు హియరింగ్ ఎయిడ్‌కు ఉండడం మన సమాజం వదులుకోవాల్సిన అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏదో ఒక స్థాయిలో వినికిడి తగ్గినవారు 150 కోట్లకు పైగా ఉన్నారు. అందులో సుమారు 43 కోట్ల మందికి చికిత్స, సాయం అవసరం.

మాట

నత్తి సాధారణంగా రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. ధ్వనిని పదే పదే పలకడం, సాగదీయడం, మాట అడ్డుపడి అసలు బయటికి రాకపోవడం దాని మూడు రూపాలు. వంద మంది పిల్లల్లో ఐదారుగురికి ఏదో ఒక దశలో వస్తుంది, ఎక్కువ మందిలో దానంతట అదే పోతుంది, పెద్దయ్యాక సుమారు ఒక శాతం మందిలో నిలిచిపోతుంది. వారిలో మగవాళ్లే ఎక్కువ. భయం వల్లో, పెంపకం వల్లో నత్తి పుట్టదు. దాని వెనుక జన్యువుల పాత్ర బలంగా ఉందని, మెదడులో మాటను సమన్వయపరిచే తీరులో తేడా ఉంటుందని పరిశోధనలు చూపాయి. భయం దాన్ని పెంచుతుంది, అంతే. నాలుక కింద తీగ కోయిస్తే నత్తి పోతుందన్నది వట్టి అపోహ. 'మెల్లగా చెప్పు, ఊపిరి తీసుకో' అని మధ్యలో అందుకోవడం, మాటను మనమే పూర్తిచేసి ఇవ్వడం పిల్లవాణ్ణి మరింత బిగుసుకునేలా చేస్తాయి. తెలుగు సినిమాల్లో నత్తిని నవ్వులాటకు వాడిన తీరు ఎందరు పిల్లల్ని తరగతిలో నోరు విప్పకుండా చేసిందో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

గ్రహణం మొర్రి అనే పేరులోనే నింద ఉంది. గ్రహణం వేళ గర్భిణి బయటికి రావడం వల్ల, కత్తిపీట పట్టుకోవడం వల్ల బిడ్డ పెదవి చీలిందని తల్లిని తిడతారు. పెదవీ అంగిలీ అతుక్కునే పని గర్భం మొదటి మూడు నెలల్లోనే ముగుస్తుంది. అందులో కొంత ఆమెకు గర్భం సంగతి తెలియకముందే అయిపోతుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో పుడుతుంది. పెదవి చీలిక కంటికి కనిపిస్తుంది. మాటను ఎక్కువ దెబ్బతీసేది లోపలి అంగిలి చీలిక. 'బ' పలకాలంటే నోట్లో గాలి బిగబట్టి వదలాలి. ఆ గాలి ముక్కులోకి పోతే 'బాబు' కాస్తా 'మాము' అవుతుంది. తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. మధ్య చెవిలో నీరు చేరి వినికిడీ తగ్గుతుంది. ఒక్క చీలిక నుంచి మూడు రకాల ఇబ్బందులు పుట్టడం ఇక్కడ కనిపిస్తుంది. అంగిలి ఆపరేషన్ సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు, ఆ తర్వాత స్పీచ్ థెరపీ ఉంటుంది.

అలాంటి ఇబ్బందే పెద్దవాళ్లలో మరో దారిన వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద క్యాన్సర్ రావడాన్ని 1957 నాటికే వైద్యులు ఒక పరిశోధన వ్యాసంలో నమోదు చేశారు. క్యాన్సర్ గడ్డను తీసేశాక నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం మిగులుతుంది. మాట ముక్కులోంచి వస్తుంది, గంజి ముక్కులోకి ఎగదన్నుతుంది. కట్టుడు పళ్లలా తయారుచేసిన అంగిలి పలకను దంతవైద్యులు ఆ రంధ్రానికి సరిపోయేలా బిగిస్తే మాట, తిండి రెండూ దారిలో పడతాయి.

గొంతు సంగతి క్లుప్తంగా. గట్టిగా మాట్లాడడమే వృత్తి అయినవాళ్లకు, ముఖ్యంగా బడి పంతుళ్లకు, పద్య నాటక, హరికథ కళాకారులకు స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. నీళ్లు, మైకు, గొంతు వాడే పద్ధతిలో శిక్షణ చాలావరకు సరిచేస్తాయి. మూడు వారాలు దాటినా తగ్గని బొంగురు గొంతును, ముఖ్యంగా పొగ తాగేవారిలో, ఈఎన్‌టీ డాక్టర్ చూసి తీరాలి. క్యాన్సర్ ముదిరి స్వరపేటిక తీసేయాల్సి వస్తే మెడలో రంధ్రం గుండా ఊపిరి తీసుకుంటారు. చిన్న కవాటం అమర్చితే మళ్లీ మాట్లాడగలరు. విదేశీ కవాటాలకు వేలల్లో అయ్యే ఖర్చును చూసి బెంగళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయలకే వచ్చే కవాటాన్ని రూపొందించాడు.

భాష

చెవులు బాగుండి, బుద్ధి బాగుండి, ఆటిజం లేకుండా కూడా భాష మాత్రమే కుదరని పిల్లలున్నారు. దీన్ని ఎదుగుదలలో వచ్చే భాషా లోపం అంటారు. సుమారు 7 శాతం పిల్లల్లో ఉంటుంది. అంటే ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరు. అయినా చాలా బడులకు దీని పేరే తెలియదు. తెలుగులో ఈ పిల్లలు క్రియల చివరి భాగాల దగ్గర, విభక్తుల దగ్గర తడబడతారు. 'అక్క వచ్చింది' అనాల్సిన చోట 'అక్క వచ్చాడు', 'కుర్చీ మీద' అనాల్సిన చోట 'కుర్చీ' అని వదిలేస్తారు. పాఠం అర్థం కాక దిక్కులు చూస్తే మొద్దబ్బాయి అనిపించుకుంటారు. ఆ ముద్ర పడ్డాక తీయడం థెరపీ కన్నా కష్టం.

అమెరికాలోనూ హైదరాబాద్‌లోనూ తెలుగు తల్లిదండ్రులకు తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది: పిల్లవాడికి మాటలు ఆలస్యమయ్యాయి గనుక ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి. దీనికి ఆధారం లేదు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం పుట్టదు. ఒకటి మానేస్తే అది తగ్గదు. తల్లికి ధారాళంగా వచ్చే భాషను తీసేస్తే ఆమె బిడ్డతో ముక్తసరిగా మాట్లాడుతుంది, అమ్మమ్మ తాతయ్యలతో బంధం తెగుతుంది. కథలూ జోలపాటలూ కబుర్లూ ఏ భాషలో సహజంగా వస్తే ఆ భాషలోనే చెప్పాలి. మాట రాని పిల్లలకు బొమ్మల మీద వేలు పెట్టి మనసులోది చెప్పే పద్ధతులూ ఉన్నాయి. చెన్నైలో రూపొందిన 'ఆవాజ్' అలాంటి యాప్. అవి వాడితే పిల్లలు మాటకు బద్ధకిస్తారన్న భయం అక్కర్లేదు.

వచ్చిన భాష పోవడం అఫేజియా. ఎక్కువగా పక్షవాతం వల్ల వస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి మొదట్లో ఉంటుంది. 1861లో పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆస్పత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఏళ్ల తరబడి 'టాన్' అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేకపోయిన రోగి మరణించాక మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగంలో గాయం చూశాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె మరో రకాన్ని వర్ణించాడు. మొదటి రకంలో అర్థం చాలావరకు అవుతుంది, మాట పెకలదు. తాళంచెవి చూపిస్తే "అదే... తలుపు... ఇలా..." అంటూ చెయ్యి తిప్పి చూపిస్తారు, పేరు నాలుక చివరనే ఉన్నా రాదు. 'కొడుకు... ఆస్పత్రి... బండి' అని ముక్కలు వస్తాయి, వాటిని కలిపే విభక్తులు, క్రియలు రాలిపోతాయి. రెండో రకంలో మాట ధారాళంగా సాగుతుంది, అర్థం మాత్రం ఉండదు. తాను తప్పు మాట్లాడుతున్నట్టు ఆ మనిషికే తెలియదు. ఇంట్లోవాళ్లు మతి చలించిందనుకుంటారు. ఇద్దరిలోనూ పోయింది భాషే, బుద్ధి కాదు. విచిత్రంగా, వాక్యం కూర్చలేని మనిషి ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టగలడు, రోజూ చదివే స్తోత్రం అప్పజెప్పగలడు, పాట ఎత్తుకోగలడు, తిట్టు కూడా తిట్టగలడు. అలవాటుగా దొర్లిపోయే మాటలకు మెదడులో వేరే ఊతం ఉంది. థెరపీ ఆ ఊతాన్ని పట్టుకునే మొదలుపెడుతుంది.

ఈ విషయంలో హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన పని ప్రపంచం దృష్టికి వచ్చింది. సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. రెండు అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన వంటివి మామూలుగా నిలిచాయి. ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికే నిలిచాయి. అఫేజియా రావడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వీధిలోనే కలిసిపోయే ఊరు గనుకనే ఇలాంటి ప్రశ్నకు ఇక్కడ జవాబు వెతకగలిగారు.

మింగుడు

భోంచేస్తూ పొలమారితే 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటూ నెత్తిన తట్టడం మనకు అలవాటు. పొలమారడమంటే మెతుకో నీటిచుక్కో వాయునాళం వైపు జారడం, దగ్గు దాన్ని తరిమికొట్టడం. ఆరోగ్యవంతుడికి ఎప్పుడో ఒకసారి జరిగితే ఏమీ కాదు. పక్షవాతం, పార్కిన్సన్స్, తలకు దెబ్బ, మెడకు రేడియేషన్ వంటివాటి తర్వాత ప్రతి పూటా జరిగితే ప్రమాదం. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోవడం ఇంకా ప్రమాదం. గొంతులో స్పర్శ తగ్గినవారికి పొలమారదు. కొన్నాళ్లకు జ్వరం, న్యుమోనియా వచ్చాక గానీ సంగతి తెలియదు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో సుమారు సగం మందికి మింగుడు ఇబ్బంది ఉంటుంది. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. ఆ వారాలు జాగ్రత్తగా గడవాలి.

థెరపిస్ట్ మొదట మంచం దగ్గరే చూస్తారు. నాలుక అటూ ఇటూ తిరుగుతోందా, దగ్గమంటే గట్టిగా దగ్గగలరా, చెంచాడు నీళ్లు ఇస్తే కంఠమణి పైకి లేస్తోందా, మింగాక 'ఆ' అంటే గొంతులో నీళ్లు గరగరలాడుతున్నాయా అని గమనిస్తారు. అనుమానం మిగిలితే బేరియం కలిపిన ముద్ద ఇచ్చి ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కు గుండా సన్నని కెమెరా దించి గొంతును చూస్తారు.

పలచటి నీళ్లు తేలికని మనం అనుకుంటాం. బలహీనపడిన గొంతుకు అన్నిటికన్నా కష్టం అవే, మూతపడేలోపే జారిపోతాయి. పథ్యమని పెట్టే చారన్నం మరీ మోసం చేస్తుంది. పలచటి చారు ముందు జారుతుంది, మెతుకులు వెనక మిగులుతాయి, రెండింటినీ ఒకేసారి సంభాళించడం ఆ గొంతు వల్ల కాదు. మెత్తగా మెదిపిన పప్పన్నం, గట్టి పెరుగు, చిక్కటి రాగిజావ చాలామందికి నయం. చిక్కదనాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతి వంటింట్లోనూ చేసుకోగలిగినదే: నిర్ణీత కొలతల 10 మిల్లీలీటర్ల సిరంజిలో జావ నింపి, కొన మీద వేలు తీసి, 10 సెకన్లు కారనిచ్చి ఎంత మిగిలిందో చూడాలి. 1 మిల్లీలీటరు కన్నా తక్కువ మిగిలితే అది నీళ్ల కింద లెక్క. 4 నుంచి 8 మధ్య మిగిలితే ఓ మాదిరి చిక్కన. ఎవరికి ఏ చిక్కదనం కావాలో పరీక్షించినవారే చెప్పాలి. పక్కింటాయనకు పనిచేసింది మనింట్లో పనిచేయకపోవచ్చు.

పడుకోబెట్టి తాగించకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. మాత్ర వేసి తల వెనక్కి వాల్చి నీళ్లు పోస్తే వాయునాళం వైపు దారి మరింత తెరుచుకుంటుంది. రోజుకు రెండు మూడుసార్లు నోరు శుభ్రం చేయడం న్యుమోనియాను ఆపడంలో చాలా సాయపడుతుంది, ముక్కు గుండా ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ ఉన్నవారికీ సరే. నోటితో తినడం లేదు గదా అని నోటిని వదిలేస్తే అక్కడ పెరిగిన క్రిములే లాలాజలంతో లోపలికి పోతాయి. పసిపిల్లలకు ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టించడం కూడా ఇంతే ప్రమాదం. ఏడుస్తున్న బిడ్డ ఊపిరితో పాటే ఆ నూనెను లోపలికి పీల్చుకుంటుంది, నూనెతో వచ్చే న్యుమోనియా మొండిది.

ఎక్కడికి వెళ్లాలి

ఈ రంగంలో దేశానికి పెద్ద దిక్కు 1965లో మైసూరులో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. 1983లో ముంబైలో ఏర్పడిన జాతీయ సంస్థకు హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా, మహారాష్ట్రకు గవర్నర్‌గా పనిచేసినవాడాయన. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. హైదరాబాద్ కోఠిలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. లోపం కనిపించిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. స్పీచ్ థెరపిస్టులకు, ఆడియాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగి తెలుసుకునే హక్కు మనకుంది. కొన్ని రోజుల శిక్షణతో బోర్డు పెట్టినవారి దగ్గర పోయే డబ్బుకన్నా పోయే నెలలు విలువైనవి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చెవుడు, వినికిడి మాంద్యం, మాట భాషల వైకల్యం ఉన్నాయి. మాట్లాడే స్థాయి ధ్వనుల్లో రెండు చెవులకూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే చెవుడుగా, 60 నుంచి 70 ఉంటే వినికిడి మాంద్యంగా లెక్కిస్తారు. స్వరపేటిక తీసేయడం, అఫేజియా వంటివాటి వల్ల శాశ్వతంగా మిగిలిపోయిన ఇబ్బంది మాట భాషల వైకల్యం కిందికి వస్తుంది. సర్టిఫికెట్ కోసం వైకల్య నిర్ధారణ క్యాంపుకు వెళ్లాలి. అఫేజియా ఉన్నవారిని కుటుంబం చాలాసార్లు చెయ్యి, కాలు చూపించే వరుసలోనే నిలబెడుతుంది. మాటకూ విడిగా లెక్కకట్టమని అడగవచ్చు. మింగుడు లోపం ఆ 21లో విడిగా లేదు. రోజుకు ఐదారుసార్లు ట్యూబ్‌లో జావ పోస్తూ, చిక్కదనం చూసుకుంటూ, రాత్రి దగ్గు వినిపిస్తే లేచి కూర్చోబెట్టే ఇల్లాలి పనికి ఇప్పటికీ ఏ క్యాంపులోనూ లెక్క కట్టడం లేదు.